వేడిరాయి మీద రొట్టె: ఒక అరకొర వివరణ

రాతి మీద కాల్చే రొట్టెల గురించి మీరు ఎక్కడ చదివినా ఒక మాట తప్పకుండా ఎదురవుతుంది. రాయి వేడిని పట్టి ఉంచుతుంది, అందుకే రొట్టె బాగా కాలుతుంది అన్నదే ఆ మాట. వంటల పుస్తకాల్లో అది ఉంటుంది. యాత్రా వ్యాసాల్లో ఉంటుంది. ఓవెన్‌లో పెట్టుకోవడానికి అమ్మే పిజ్జా రాళ్ల అట్టపెట్టెల మీదా, రొట్టెల బుట్ట అడుగున పెట్టుకోమని అమ్మే కాల్చిన మట్టి పలకల మీదా ఉంటుంది. అక్కడి నుంచి అది నడుచుకుంటూ విద్యార్థుల జవాబు పత్రాల్లోకి కూడా వచ్చేసింది.

ఈ నెల ఆ మాటను పరీక్షకు పెడదాం. అది అబద్ధమని నేను అనడం లేదు. కానీ వివరణ అనిపించుకునే అర్హత దానికి లేదని నా అభిప్రాయం. ఎందుకో మీరే చూడండి. అందులో 'రాయి' అన్న చోట 'ఇనుప పెనం' అని పెట్టి చదవండి. వాక్యం చక్కగా అతుకుతుంది. 'మట్టి పెంకు' అని పెట్టండి. అదీ అతుకుతుంది. ఏ వస్తువును పెట్టినా అతికే వాక్యం ఏ వస్తువు గురించీ ఏమీ చెప్పడం లేదన్నమాట. ఇనుముకు లేనిది రాయికి ఏముందో చెప్పగలిగినప్పుడే అది వివరణ అవుతుంది.

అయితే తీర్పు చెప్పే ముందు పని చూడాలి కదా! రాతితో రొట్టెను నిజంగా ఎలా కాలుస్తారో చూద్దాం.

రెండు రొట్టెలు, రెండు పద్ధతులు

మన ఉపఖండపు పడమటి అంచున, పాకిస్తాన్‌లో ఉన్న బలూచిస్తాన్ ఎండిన కొండల ప్రాంతం. గొర్రెల మందలతో తిరిగే కాపరులకు పేరుపడ్డ నేల. అక్కడి రొట్టె పేరు కాక్. ముందుగా గుండ్రటి రాళ్లను నిప్పుల్లో బాగా కాలుస్తారు. గోధుమపిండి ముద్దను మందంగా ఒత్తి, కాలిన రాయి చుట్టూ తొడుగులా చుట్టేస్తారు. ఇక రాయి కనబడదు, పిండి బంతి ఒక్కటే కనబడుతుంది. అలాంటి బంతుల్ని మంట చుట్టూ నిప్పుల దగ్గర పేరుస్తారు. లోపలి వైపు రాయి కాలుస్తుంది, బయటి వైపు నిప్పు కాలుస్తుంది. అయ్యాక లోపలి రాయిని తీసేస్తే మిగిలేది గట్టి పెంకులాంటి బోలు రొట్టె. దీన్ని సజ్జీ అనే కాల్చిన గొర్రె మాంసంతో తింటారు.

ఇంకొంచెం పడమరకు పోతే ఇరాన్. అక్కడి సంగక్ రొట్టె పేరులోనే రాయి ఉంది. పారశీకంలో సంగ్ అంటే రాయి. పాలరాతిని ఉర్దూలో సంగ్ మర్మర్ అనడం మీరు వినే ఉంటారు, ఆ సంగే ఇది. సంగక్ అంటే చిన్న రాయి. ఇటుకలతో కట్టిన పెద్ద పొయ్యిలో వాలుగా గులకరాళ్లు పరిచి ఉంటాయి. మంట ఆ రాళ్లనూ, పైన గుమ్మటాన్నీ వేడి చేస్తుంది. జారుగా కలిపి పులియబెట్టిన పిండిని పొడవాటి పిడి ఉన్న చెక్కపలక మీద పరిచి, ఆ రాళ్ల మీదికి జార్చేస్తారు. కొన్ని నిమిషాల్లో మూరెడు దాటిన రొట్టె, ఒళ్లంతా గుంటలతో, అక్కడక్కడా రాళ్లు అంటుకొని బయటికొస్తుంది. ఆ రాళ్లను దులిపి, ఏరి ఇంటికి పట్టుకుపోవడం అక్కడి వారికి అలవాటు. ఏరకపోతే పన్ను విరుగుతుంది మరి!

సంగక్ గురించి ఒక కథ కూడా ఉంది. సఫవీ రాజు షా అబ్బాస్ కాలంలో సైనికులు ఒక్కొక్కరు కాస్త పిండి, కొన్ని గులకరాళ్లు మోసుకెళ్లేవారట. మజిలీ చేసిన చోట అందరి రాళ్లూ కలిపి పరిచి రొట్టెలు కాల్చుకునేవారట. కొందరు ఈ ఆలోచనను ఆనాటి పండితుడు షేక్ బహాయీకి అంటగడతారు. కథ కథే. కానీ అది విన్నప్పుడు ఒక సందేహం రావాలి. ఇరాన్ పీఠభూమిలో రాళ్లకు కరువా? ఎందుకు మోయాలి? దీనికి ఒక మంచి జవాబు సాధ్యమే. దాన్ని చివర్లో చూద్దాం.

ఈ రెండు రొట్టెల్లో రాయి చేసే పని ఒకటి కాదని గమనించారా? సంగక్‌లో రాళ్లు పొయ్యి నేల. వాటి కింద, పక్కన ఎప్పుడూ మంట ఉంటుంది, పోయిన వేడి మళ్లీ వస్తూనే ఉంటుంది. కాక్‌లో అలా కాదు. రాయి తనతో తెచ్చుకున్న వేడే లోపలి వైపుకు మొత్తం పెట్టుబడి. అది అయిపోతే అంతే. రాయి ఎంత వేడి తెచ్చుకోగలదన్న ప్రశ్న నిజంగా ముఖ్యమయ్యేది కాక్ విషయంలోనే. అందుకని లెక్క అక్కడే వేద్దాం.

పిండి బంతి లెక్క

రాయి బరువు 600 గ్రాములు అనుకుందాం, అంటే గుప్పిట్లో పట్టీ పట్టనంత. చుట్టిన పిండి 250 గ్రాములు. పిండి 30 డిగ్రీల సెంటీగ్రేడు నుంచి 95 డిగ్రీలకు చేరాలి. తడిపిన పిండి విశిష్టోష్ణం సుమారు 0.65 కెలోరీలు తీసుకుంటే దీనికి 10,500 కెలోరీలు కావాలి. అంతటితో రొట్టె కాలదు. నీరు కొంత ఆవిరి కావాలి. పదో వంతు, అంటే 25 గ్రాముల నీరు పోవాలంటే గ్రాముకు 540 చొప్పున మరో 13,500 కెలోరీలు. చూశారా, వేడెక్కించడానికి అయ్యే ఖర్చు కంటే ఆవిరికి అయ్యేదే ఎక్కువ! మొత్తం 24,000 కెలోరీలు.

ఇప్పుడు రాయి వైపు చూద్దాం. రాతి విశిష్టోష్ణం దాదాపు 0.2 కెలోరీలు. వేడెక్కేకొద్దీ కొంత పెరుగుతుంది, దాన్ని వదిలేద్దాం. 300 డిగ్రీల రాయి 100 డిగ్రీలకు దిగేసరికి ఇచ్చేది 600 × 0.2 × 200, అంటే 24,000 కెలోరీలు. సరిగ్గా సరిపోయిందని సంబరపడకండి, బరువులూ ఉష్ణోగ్రతలూ నేను ఎంచుకున్నవే. అయినా ఒక సంగతి తేలింది. గుప్పెడు రాయి, తన మీద చుట్టిన పిండిని కాల్చడానికి సరిపోయే స్థాయిలోనే వేడిని మోయగలదు. పక్కన నిప్పు కూడా ఉంది కాబట్టి లోటేమీ ఉండదు.

మరి అదే పరిమాణంలో ఇనుప గుండు పెడితే? ఇక్కడే మన వాక్యం తడబడుతుంది. ఇనుము విశిష్టోష్ణం 0.11, రాతిదానిలో దాదాపు సగం. పాఠ్యపుస్తకంలో ఈ పట్టిక చూసిన విద్యార్థి వెంటనే 'రాయి ఇనుము కంటే ఎక్కువ వేడిని దాచుకుంటుంది' అని రాసేస్తాడు. కానీ ఆ పట్టిక గ్రాముకు చెప్పిన లెక్క. పొయ్యిలోనూ బుట్టలోనూ మనకు అడ్డం వచ్చేది బరువు కాదు, చోటు. రాయి సాంద్రత 2.7, ఇనుముది 7.8. ఘన సెంటీమీటరుకు లెక్కవేస్తే రాయికి 0.54, ఇనుముకు 0.86 కెలోరీలు. ఒకే సైజు గుండ్లలో ఎక్కువ వేడిని మోసేది ఇనుమే. మన 600 గ్రాముల రాయంత ఇనుప గుండు 1,730 గ్రాములు తూగుతుంది, 200 డిగ్రీలు దిగితే 38,000 కెలోరీలు ఇస్తుంది.

కాబట్టి 'రాయి ఎక్కువ వేడిని దాచుకుంటుంది' అన్నది బరువు లెక్కలో నిజం, సైజు లెక్కలో తప్పు. ఏ లెక్కో చెప్పకుండా ఆ మాట రాయడం, ధర చెప్పి 'కిలోకా, డజనుకా' అన్నది చెప్పకపోవడం లాంటిది. మన పాఠ్యపుస్తకాల మీద నాకున్న ఫిర్యాదు ఇదే. విశిష్టోష్ణం పాఠంలో భూపవనాలు, సముద్రపవనాలు ఏళ్ల తరబడి తప్పకుండా వస్తాయి. గ్రాము లెక్కకూ, ఘన సెంటీమీటరు లెక్కకూ తేడా చూపే ఒక్క వంటింటి ఉదాహరణ మాత్రం రాదు.

నెమ్మదిగా ఇచ్చే గుణం

మరి ఇనుమే ఎక్కువ మోస్తే, రాయి గొప్పతనం ఏమిటి? వేడిని దాచుకోవడంలో కాదు, ఇవ్వడంలో ఉంది. ఎండలో పక్కపక్కనే ఉన్న ఇనుప కమ్మీనీ, రాతి బండనూ ముట్టుకోండి. రెండూ ఇంచుమించు ఒకే వేడిమీద ఉన్నా కమ్మీ చురుక్కుమంటుంది, బండ అంతగా అనదు. చేతికి తెలిసేది వస్తువు ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, అది ఎంత వేగంగా వేడిని చేతిలోకి తోస్తుందన్నది కూడా. ఇనుము ఉష్ణవాహకత గ్రానైటు కంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ.

పిండికీ ఇదే అనుభవం. వేడి వస్తువూ చల్లని వస్తువూ తాకిన క్షణంలో, తాకిన చోట ఉష్ణోగ్రత రెండింటి మధ్య ఎక్కడో నిలుస్తుంది. ఎవరి వైపు ఎంత మొగ్గుతుందన్నది వాటి లాగుడు బలాన్ని బట్టి ఉంటుంది. కాలేజీలో చదివేవారు ఇది గుర్తుంచుకోవచ్చు: ఉష్ణవాహకత, సాంద్రత, విశిష్టోష్ణం, ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలమే ఆ బలం. తడిపిన పిండి బలాన్ని 1 అనుకుంటే గ్రానైటుది సుమారు 2, ఇటుకది 0.8, ఇనుముది 12 దాకా వస్తుంది. మూడింటినీ 300 డిగ్రీలకు కాల్చి, 30 డిగ్రీల పిండిని తాకించామనుకోండి. ఇనుము మీద పిండి అడుగు క్షణంలో 280 దగ్గరికి పోతుంది. గ్రానైటు మీద 210, ఇటుక మీద 150. రొట్టెకు మంచి వాసన, గోధుమ రంగు రావాలంటే 150 డిగ్రీలు దాటాలి. 280 అంటే మాడుకు దారి. అంటే 300 డిగ్రీల దగ్గర రాయి రొట్టెను కాలుస్తుంది, ఇనుము మాడుస్తుంది. ఇనుప పెనం మీద రొట్టె చేసే అమ్మ మంటను తగ్గించుకుంటూ పోవడానికి కారణం ఇదే. ఆమెకు ఈ వర్గమూలం తెలియకపోవచ్చు, దాని ఫలితం మాత్రం బాగా తెలుసు.

అంతేకాదు. తాకిన చోట వేడి పోగానే ఇనుములో లోపలి నుంచి వేడి పరుగున వచ్చి ఆ లోటు తీరుస్తుంది. గుప్పెడు ఇనుప గుండు నడిమధ్య వేడి పైకి రావడానికి సెకన్లు చాలు. అంతే రాతి గుండులో దానికి నిమిషాలు పడుతుంది. రాయి తన పెట్టుబడిని కొంచెం కొంచెంగా విడుదల చేస్తుంది. పిండి కూడా వేడిని నెమ్మదిగానే తీసుకుంటుంది. ఇచ్చేవాడి వేగమూ పుచ్చుకునేవాడి వేగమూ దగ్గరదగ్గరగా ఉండటమే ఇక్కడ అసలు కీలకం. ఇప్పుడు మన వాక్యాన్ని ఇలా దిద్దవచ్చు: రాయి చాలా వేడెక్కగలదు, ఆ వేడిని పిండి ఓర్చుకోగల వేగంతో ఇస్తుంది. ఇందులో 'రాయి' తీసి 'ఇనుము' పెట్టి చూడండి. అతకదు.

కాక్‌లో ఇంకో తెలివి కూడా ఉంది. నన్నడిగితే అన్నిటికన్నా గొప్పది అదే. దాని గురించి రాసినవారు 'వింత రొట్టె' అని వదిలేస్తుంటారు. పదార్థం గుండా వేడి పాకే కాలం దూరానికి వర్గంగా పెరుగుతుంది. దూరం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లు. రెండు సెంటీమీటర్ల మందం ఉన్న పిండికి ఒక వైపు నుంచే వేడి వస్తే, అది రెండు సెంటీమీటర్లూ దాటాలి. లోపల రాయి, బయట నిప్పు రెండు వైపులా కాలిస్తే ఒక్కొక్కరు ఒక్క సెంటీమీటరు దాటితే చాలు. పని నాలుగో వంతు కాలంలో అయిపోతుంది. పెనం మీద రొట్టెను తిరగేసి తిరగేసి మనం సాధించేదాన్ని కాపరి తిరగేయకుండానే సాధించాడు. పొయ్యి కట్టకుండా, పెనం మోయకుండా మందపాటి రొట్టెను కాల్చే ఉపాయమిది. పొయ్యిలో రొట్టె పెట్టడానికి బదులు రొట్టెలో పొయ్యి పెట్టాడన్నమాట!

సంగక్ గులకరాళ్ల విషయం కొంచెం వేరు. అక్కడ నున్నటి బండ పరచకుండా గులకరాళ్లు ఎందుకు పరిచినట్టు? జారు పిండి నున్నటి బండ మీద పూర్తిగా అతుక్కుంటుంది, కింద పుట్టిన ఆవిరికి దారి ఉండదు. గులకరాళ్ల మధ్య సందులున్నాయి. ఆవిరి పక్కలకు పోతుంది. రాయి తగిలిన చోట పిండి గట్టిగా కాలుతుంది, తగలని చోట మెత్తగా ఉంటుంది. పిజ్జా రాళ్ల ప్రకటనల్లో 'రాయి తేమను పీల్చుకుని రొట్టెను కరకరలాడిస్తుంది' అని రాస్తారు. 200 డిగ్రీల రాయి నీటిని పీల్చడమేమిటి? తాకిన నీరు తాకినట్టే ఆవిరైపోతుంది. పైగా గ్రానైటులో రంధ్రాలు నూటికి ఒక వంతు కూడా ఉండవు. కరకరకు కారణం తాకిన చోటి ఉష్ణోగ్రత, ఆవిరికి దొరికే దారి.

బుట్టలో రాయి

ఇక రెండో వాడుక: కాలిన రొట్టెను వేడిగా ఉంచడం. రొట్టె చల్లారితే గట్టిపడటానికి నీరు ఎండిపోవడం ఒక్కటే కారణం కాదు. అందులోని పిండిపదార్థపు అణువులు మళ్లీ స్ఫటికాల్లా పేర్చుకుంటాయి. రొట్టె వేడిగా ఉన్నంతసేపు ఈ పని నెమ్మదిస్తుంది. కాబట్టి వేడిగా ఉంచాలనుకోవడం సబబే. దానికి రాయి ఎంత సాయపడుతుంది?

బుట్టలో 400 గ్రాముల రొట్టెలున్నాయి, విశిష్టోష్ణం 0.6 అనుకుందాం. ఒక డిగ్రీ చల్లారడానికి అవి 240 కెలోరీలు పోగొట్టుకోవాలి. అర కిలో రాయి పెడితే అది చేర్చేది డిగ్రీకి 100 కెలోరీలు మాత్రమే. రొట్టెలంత వేడి ఉన్న రాయి చల్లారే కాలాన్ని నలభై శాతం పెంచుతుంది, అంతే. రాయిని 150 డిగ్రీలకు వేడి చేసి పెడితే? అది 60కి దిగేలోపు 9,000 కెలోరీలు ఇస్తుంది. బాగానే ఉంది. కానీ అర లీటరు నీటిని 95 డిగ్రీలకు కాచి సీసాలో పోసి పెడితే, అదే 60కి దిగేలోపు 17,500 కెలోరీలు ఇస్తుంది. రాయి నీటితో సమానం కావాలంటే దాన్ని 235 డిగ్రీలకు కాల్చాలి. అంత వేడి రాయి బుట్ట గుడ్డను మాడ్చి, అడుగు రొట్టెను అప్పడం చేస్తుంది.

వేడిని దాచే పోటీలో నీరు గెలిచింది, మన రాయి ఓడింది. మరి నీటితో రొట్టె కాల్చుకోవచ్చు కదా అంటారా? కుదరదు. తెరిచిన గిన్నెలో నీరు 100 డిగ్రీలు దాటదు, రొట్టెకు రంగు రావడానికి 150 కావాలి. వేడిగా ఉంచడానికి నీరు, కాల్చడానికి రాయి. 'ఏది మంచిది?' అని అడిగితే జవాబుండదు. 'ఏ పనికి?' అని అడగాలి. పట్టిక ఒక్కటే బట్టీ పట్టిన వాడికి తోచనిది ఈ ప్రశ్నే.

నిజానికి రొట్టెల బుట్టలో పెద్ద పని చేసేది రాయీ కాదు, నీరూ కాదు, గుడ్డ. తెలంగాణలో, రాయలసీమలో జొన్నరొట్టెలు కాల్చి దొంతి పేర్చి గుడ్డలో చుట్టి పెట్టడం మీకు తెలిసిందే. వేడి బయటికి పోయే వేగాన్ని సగానికి తగ్గిస్తే చల్లారే కాలం రెట్టింపవుతుంది. నలభై శాతం పెంచే రాయి దాని ముందు చిన్నదే. పైగా నూలు గుడ్డ ఆవిరిని పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ డబ్బాలో మూతకు పట్టిన నీటి చుక్కలు రొట్టె మీద పడి పై రొట్టె తడిసినట్టు గుడ్డలో తడవదు. కాబట్టి ఎవరైనా మట్టి పలక కొనమంటే ముందు మందపాటి గుడ్డ వేసి చూడండి. పలకకు ఉన్న ఒకే ఒక్క సౌకర్యం ఏమిటంటే, రొట్టెలు కాలుతున్న ఓవెన్‌లోనే అదీ ఊరికే వేడెక్కుతుంది.

ఈ రెండింటినీ కలిపి వాడినవారు కూడా ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికాలో 'మంటలేని పొయ్యి' అని ఒక పెట్టె అమ్మేవారు. పెట్టె గోడల్లో వేడి పోకుండా దట్టంగా కూరిన బంధకం. దానితో పాటు బలపపు రాతితో చేసిన గుండ్రటి బిళ్లలు ఇచ్చేవారు. ఆ బిళ్లల్ని స్టవ్ మీద బాగా కాల్చి, పెట్టెలో ఒకటి కింద, ఒకటి పైన పెట్టి, మధ్యలో వంట ఉంచి మూత వేసేవారు. మాంసం వేగేది, రొట్టె కూడా కాలేది. మళ్లీ చూడండి: కింద ఒక రాయి, పైన ఒక రాయి. బలూచీ కాపరి లెక్కే ఇక్కడా పనిచేసింది.

ఈ ఉదాహరణ ఇంకో రకం రాతలకు కూడా జవాబు. వేడిరాయి మీద వంట అనగానే 'ఆదిమ పద్ధతి', 'పాత్రలు లేని కాలపు అవస్థ' అని రాసేవారు కొందరు. 'పూర్వీకులకు తెలిసిన మహావిజ్ఞానం' అని రాసేవారు మరికొందరు. ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు: రాయి వైపు చూడటం లేదు. పాతదనం నిజమే. ఈశాన్య జోర్డాన్‌లోని షుబైకా అనే చోట బసాల్టు రాళ్లు పేర్చిన పొయ్యిల్లో మాడిన రొట్టె తునకలు దొరికాయి. వాటి వయసు సుమారు 14,400 సంవత్సరాలని 2018లో ప్రకటించారు. అంటే వ్యవసాయం పుట్టడానికి దాదాపు నాలుగు వేల ఏళ్ల ముందు, అడవి ధాన్యం ఏరుకునేవారు చేసిన రొట్టె. బూడిదలోనో, వేడి రాతి మీదో కాల్చి ఉంటారని పరిశోధకుల ఊహ. అయినంత మాత్రాన పద్ధతి మంచిదనీ తేలదు, చెడ్డదనీ తేలదు. అది నిలిచిందంటే ఏదో ఒక పనికి తగి ఉండాలి. ఆ పని ఏమిటో లెక్క వేసి చెప్పాలి. హైదరాబాదు పత్తర్ కా గోష్త్ గురించి రాసేవారు సైతం నిజాం వేట కథ చెప్పినంత ఇష్టంగా గ్రానైటు పలక ఉష్ణవాహకత గురించి చెబితే ఎంత బాగుండును!

అందరూ దాటవేసే సంగతి

ఈ రాతలన్నిటి మీద నా పెద్ద ఆక్షేపణ ఇంకా చెప్పలేదు. 'ఏరు పక్కన దొరికే నున్నటి రాయి తెచ్చి నిప్పుల్లో వేయండి' అని సరదాగా రాసేస్తారు. చదివి చేసేది మీలాంటి పిల్లలే. దయచేసి ఆ పని చేయకండి. ఏటి రాయి పగుళ్లలో నీరుంటుంది. ఘన సెంటీమీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 ఘన సెంటీమీటర్లు అవుతుంది. దారి దొరక్కపోతే రాయి బాంబులా పేలి ముక్కలు కళ్లల్లో పడతాయి. నీరు లేకున్నా ప్రమాదం పోదు. గ్రానైటులో క్వార్ట్జ్ ఉంటుంది. 573 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక నిర్మాణం మారి, పరిమాణం హఠాత్తుగా కొంచెం పెరుగుతుంది. పక్క ఖనిజాలు అలా పెరగవు కాబట్టి రాయి చిట్లుతుంది. నిప్పుల గుండంలో 573 పెద్ద ఎత్తేమీ కాదు. రాయి వేడిని నెమ్మదిగా పంపుతుందని మెచ్చుకున్నాం కదా, ఆ గుణమే ఇక్కడ శత్రువు. పై పొర వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపల ఇంకా చల్లగానే ఉంటుంది, రెండింటి గుంజులాటలో పగులు పుడుతుంది. బలపపు రాయి ఈ ఒత్తిడిని బాగా ఓర్చుకుంటుంది. అమెరికా పెట్టెలో బిళ్లలకూ, మన ఇళ్లలో పులుసు కాచే రాచ్చిప్పకూ ఆ జాతి రాయినే ఎంచుకున్నది ఊరికే కాదు.

షా అబ్బాస్ సైనికుల కథలో సందేహానికి జవాబు ఇక్కడ దొరుకుతుంది. కథ నిజమైతే వాళ్లు మోసింది ఏవో రాళ్లను కాదు, ఎన్నోసార్లు కాలి, పేలకుండా నిలిచిన రాళ్లను. దారిలో దొరికే రాయికి ఆ పూచీ లేదు. సంగక్ పొయ్యిలో రాళ్లు కూడా రోజూ అదే పొయ్యిలో కాలి కాలి ఎండినవే.

నిప్పు జోలికి పోకుండా మీరు చేయదగ్గ ప్రయోగం ఒకటుంది. కిరాణా కొట్లో వాడే 200 గ్రాముల ఇనుప తూకపురాయి సంపాదించండి. ఇనుముతో చేసినా మనం దాన్ని రాయి అనే అంటాం, మన భాష సరదా అది! అంతే బరువున్న ఎండు కంకర రాయి ఒకటి తీసుకోండి. రెండింటికీ దారం కట్టి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకొని, మరిగే నీటిలో పావుగంట వేలాడదీయండి. రెండు గ్లాసుల్లో 200 గ్రాముల చొప్పున 30 డిగ్రీల నీరు పోసి ఉంచండి. వేడి రాయిని పైకి తీసి, అంటిన నీటిని గుడ్డతో ఒక్కసారి అద్ది, ఒక గ్లాసులో దించి, కలుపుతూ థర్మామీటరు చూడండి. తూకపురాయితోనూ అలాగే చేయండి. లెక్క ప్రకారం రాయి ఉన్న నీరు 41, 42 డిగ్రీల దగ్గరికి, ఇనుము ఉన్న నీరు 37 దగ్గరికి చేరాలి. గ్లాసు కొంత, గాలి కొంత తినేస్తాయి కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు తక్కువే వస్తాయి. తర్వాత రెండింటినీ కొలజాడీలో ముంచి, నీరు ఎంత పైకి లేచిందో చూడండి. రాయి 74 ఘన సెంటీమీటర్ల దాకా లేపుతుంది, తూకపురాయి ముప్పై లోపే. రెండు కొలతలూ పక్కపక్కన రాసి, ఘన సెంటీమీటరుకు ఎవరు ఎంత వేడి ఇచ్చారో భాగించి చూడండి.